ఇంకెప్పటికి కనిపిస్తుంది?

సమోవా రాజధాని ఆపియా పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చే ఓడలో మతలేనా నోరు విప్పలేదని పోయినవారం చెప్పుకున్నాం. పక్కన కూర్చున్న, ఆమె పెంచిన పిల్ల ఫువాతినోకి మాత్రం సముద్రం హోరులో కూడా కంటి డాక్టరమ్మ మాటలే వినిపించాయి.

"చక్కెర జబ్బు కంటి వెనక సన్న రక్తనాళాల్ని తినేసింది. ఎడమ కంట్లో మిగిలిన చూపు నిలబెట్టుకుందాం. కుడి కన్ను నా చేతుల్లో లేదమ్మా. ఆలస్యం చేశారు. అసలు చక్కెర మాత్రలు ఎందుకు ఆపారు? ఎవరు ఆపమన్నారు?"

ఆ ప్రశ్నకు మతలేనా తల దించుకుంది. ఫువాతినో కూడా దించుకుంది. కంటికి మంచిదని కంపెనీ అమ్మే 'మలామా' గుళికల సీసా పెద్దమ్మ చేతిలో పెట్టింది తనే. ఊళ్ళో ఇంకెన్నో ఇళ్ళల్లో పెట్టిందీ తనే. బళ్ళో చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించే టీచరమ్మ మంచిదని చెప్పిందంటే ఆ ఊళ్ళో ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు.

"మరి ఈ గుళికలు ఎన్నాళ్ళకి పనిచేస్తాయి డాక్టరుగారూ?" అని వరండాలో ఆవిడ వెంటపడి అడిగింది ఫువాతినో. ఆవిడ నవ్వలేదు, విసుక్కోనూ లేదు.

"మనం తిన్నది ఒంట్లో శక్తిగా మారేటప్పుడు నిప్పురవ్వల్లాంటివి పుడుతుంటాయి. వాటిని ఆర్పుకునే ఏర్పాటు ఒంట్లోనే ఉంది. మనం తినే ఆకులు, బొప్పాయి ఆ పనికి సాయం చేస్తాయి. మీ గుళికలో ఉన్నదీ ఆ సరుకే. ఒంట్లో అది తక్కువైన మనిషికి ఇస్తే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. తక్కువ లేని మనిషికి ఎంత పోసినా, ఎన్నాళ్ళు ఆగినా కనిపించడానికి ఏమీ ఉండదు. ముసలితనంలో వచ్చే కంటిజబ్బు ఒకటుంది, దానికి కొన్ని విటమిన్లు కలిపి మేమే ఇస్తాం. అవి కూడా పోయిన చూపు తీసుకురావు. ఉన్నది పోకుండా కొంత నెమ్మది చేస్తాయి, అదీ ఏళ్ళ తరబడి వాడితే. మీ పెద్దమ్మది ఆ జబ్బు కాదు."

ఓడ దిగేసరికి ఫువాతినో ఒక నిర్ణయానికి వచ్చింది. శనివారం మహిళా సంఘం ఇంట్లో మలామా సభ ఉంది. కంపెనీ డాక్టరు ఎసెరా స్వయంగా ఆక్లండ్ నుంచి వస్తున్నాడు. ఆ సభలో సాక్ష్యం చెప్పాల్సిన మనిషి ఎవరనుకున్నారు? మతలేనాయే.

శనివారం పొద్దున సంఘం ఇల్లు నిండిపోయింది. గోడలు లేని ఆ ఇంట్లో సముద్రం వైపు నుంచి గాలి ఒకటే కొడుతోంది. స్తంభాల పక్కన పెద్ద వయసు ఆడవాళ్ళు కాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద బట్టలు సర్దుకుని, కొబ్బరాకు విసనకర్రలు విసురుకుంటున్నారు. వెనకవైపు వంటపాక ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి పచ్చి చేప ముక్కలు కోస్తున్నారు. వాళ్ళ పక్కనే కొబ్బరిపాలు, ఉల్లిపాయలు, ఒక పళ్ళెం నిండా నిమ్మకాయలు.

మధ్యలో కొత్త చాప మీద లుసీలా కూర్చుంది. ఆమె ఫలేతువా, అంటే పాస్టరుగారి భార్య. ఆ ఊళ్ళో ఆ హోదాకి ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. ఆమె ముందు నడవాల్సివస్తే నడుం వంచుకుని నడుస్తారు. ఆమె కూర్చుని ఉండగా ఊరివాళ్ళెవరూ నిలబడరు. మలామాను ఊళ్ళోకి తెచ్చిందీ ఆమే, ఫువాతినోని అందులో చేర్చిందీ ఆమే.

"వచ్చారా మతలేనా! రండి, రండి. మీ కోసమే అందరూ చూస్తున్నారు" అని లుసీలా చెయ్యి చాచింది. మతలేనా ఆ చెయ్యి ఎక్కడుందో తెలియక గాలిలో తడిమింది. ఎవరూ గమనించలేదు. గమనించినా గమనించనట్టే ఉన్నారు. ఫువాతినో పెద్దమ్మ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏమీ మాట్లాడొద్దు పెద్దమ్మా. నేను చూసుకుంటాను" అంది చెవిలో.

"సభలో గొడవ చెయ్యకే పిల్లా. ఫలేతువా ముందు వద్దు" అంది మతలేనా.

డాక్టరు ఎసెరా తెల్లచొక్కాకి టై కట్టుకున్నాడు, కింద జేబులున్న నల్లటి లుంగీ. మెడలో పూలదండ. నవ్వుతూ ఒక్కొక్కరినీ వరసపెట్టి పలకరించాడు. ఊళ్ళో పుట్టకపోయినా ఊరి మాటలన్నీ నేర్చుకొచ్చాడు. ఎవర్ని అక్కా అనాలో, ఎవర్ని అమ్మా అనాలో అతనికి బాగా తెలుసు.

"అమ్మలారా, ఇనుము సముద్రపు గాలికి ఏమవుతుంది?"

"తుప్పు పడుతుంది!" అన్నారందరూ.

"మన ఒళ్ళు కూడా అంతే. లోపల తుప్పు. కంట్లో తుప్పు, గుండెలో తుప్పు, మోకాళ్ళలో తుప్పు. దాన్ని కడిగేది ఒక్కటే, యాంటీఆక్సిడెంట్. ఇటు చూడండి."

తన బల్ల మీదున్న గాజు గ్లాసులో నీళ్ళు పోసి, దెబ్బలకు రాసే అయోడిన్ మందు రెండు చుక్కలు వేశాడు. నీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. మలామా గుళిక విప్పి పొడి అందులో పోసి కలిపాడు. రంగు విరిగిపోయింది. నీళ్ళు తేటగా మెరిశాయి. ఆడవాళ్ళంతా "ఓయ్!" అన్నారు. ఎన్నిసార్లు చూసినా వాళ్ళకి అది ముచ్చటే. ఫువాతినో ఆ ముచ్చట తన చేతుల్తో ఎన్ని ఇళ్ళల్లో చేసి చూపించిందో! ఇవాళ మాత్రం ఆ తేటనీళ్ళ వైపు చూడకుండా పెద్దమ్మ వైపు జరిగి కూర్చుంది.

"ఇప్పుడు మతలేనా అమ్మగారు తమ కంటి సంగతి చెప్తారు" అన్నాడు ఎసెరా.

"పెద్దమ్మ చెప్పదు" అంది ఫువాతినో. "ముందు నేను కొన్ని అడగాలి."

అని నిలబడింది.

విసనకర్రలు ఆగిపోయాయి. లుసీలా ముందు, పెద్దలందరి ముందు, ఆ ఇంట్లో నిటారుగా నిలబడ్డ ఆడమనిషిని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

"ఫువాతినో, కూర్చో" అంది లుసీలా మెల్లగా.

"మన్నించండి ఫలేతువా. కూర్చుంటే నా గొంతు వెనక వాళ్ళకి వినబడదు." ఆమె కూర్చోలేదు. "డాక్టరుగారూ, మా పెద్దమ్మకి ఫలితం ఎప్పటికి కనిపిస్తుందన్నారు మీరు?"

"ఒక్కో ఒంటి తత్వం ఒక్కోలా ఉంటుందక్కా..."

"మొదట ఒక నెల అన్నారు. నెల తిరిగాక తల తిరుగుతోంది, నీరసంగా ఉందంటే, 'మంచిదే, తుప్పు వదులుతోంది, అదే గుర్తు' అన్నారు. ఆ తర్వాత మూడు నెలలు అన్నారు. అదీ అయ్యాక, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో అన్ని నెలలు పడుతుందన్నారు. బాగుంటే మీ గుళిక గొప్ప. బాగోకపోతే తుప్పు వదులుతోంది. అస్సలేమీ కాకపోతే ఇంకా ఆగాలి. మీ గుళిక పనిచెయ్యడం లేదని తెలుసుకోవడానికి మాకు ఏ దారీ ఉంచలేదేం?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

ఎసెరా నవ్వు చెక్కుచెదరలేదు. "అక్కా, మీరు టీచరు కదా. విత్తనం నాటగానే పనసకాయ కాస్తుందా? నమ్మకం ఉండాలి. నమ్మకం లేనివాళ్ళకి పని చెయ్యకపోతే గుళిక తప్పా?"

ఆ మాటతో ఫువాతినోకి ఒళ్ళు మండిపోయింది. మతలేనా నమ్మకానికి వంక పెడతాడా ఇతను? తల్లి పోయిన ఫువాతినోని చంకనేసుకుని పెంచిన మనిషి. పొద్దున్నే ప్రార్థన చేసి, గుళిక కళ్ళకద్దుకుని మరీ మింగిన మనిషి.

"మా పెద్దమ్మ నమ్మకం గురించి మీరు మాట్లాడకండి!" గట్టిగానే అరిచింది. "ఆమె నమ్మబట్టే ఇవాళ ఇలా ఉంది. ఆసుపత్రిలో ఇచ్చిన చక్కెర మాత్రలు ఆపేసింది. కుడి కన్ను పోయింది. వినబడిందా అందరికీ? పోయింది. ఇంక రాదు."

ఇల్లంతా ఒక్కసారి గుసగుసలతో నిండింది.

"అయ్యో, చాలా బాధాకరం" అన్నాడు ఎసెరా గుండె మీద చెయ్యి వేసుకుని. "కానీ అక్కా, మాత్రలు ఆపమని నేను చెప్పానా? ఎవరైనా విన్నారా? సీసా మీద చూడండి, ఇది మందు కాదు అని రాసే ఉంటుంది."

ఫువాతినో బల్ల మీది సీసా తీసి చూసింది. సీసా మీద చీమ కాళ్ళంత అక్షరాల్లో నిజంగానే రాసి ఉంది. చూపు తగ్గినవాళ్ళకి అమ్మే సీసా మీద చూపున్నవాళ్ళకి కూడా ఆనని అక్షరాలు!

"ఆపమని చెప్పలేదు" అంది సీసా కింద పెట్టి, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ. "ఇదే ఇంట్లో, ఇదే చోట నిలబడి, 'ఆసుపత్రి మాత్ర, మలామా ఒక కడుపులో పడితే పోట్లాడుకుంటాయి, ఏది ఉంచుకుంటారో మీరే తేల్చుకోండి' అన్నారు. నేను విన్నాను. విని, ఆ మాటే మోసుకెళ్ళి ఇంటింటా చెప్పాను. మీరు ఆపమనలేదు, నిజమే. మా చేత మేమే ఆపుకునేట్టు చేశారు. తప్పు మా నోటితో చెప్పించి, మీరు మాత్రం మంచివాళ్ళుగా మిగిలారు!"

"చూడండీ, ఆవేశంలో ఉన్నారు" అన్నాడతను లుసీలా వైపు తిరిగి.

"మీరు ఏం డాక్టరు?" అంది ఫువాతినో.

"అంటే?"

"ఏ ఆసుపత్రిలో చేశారు? కళ్ళకా, గుండెకా, దేనికి?"

మొదటిసారి అతని నవ్వు కాస్త సడలింది. "నాది... పోషకాహార సలహాలో పట్టా. కంపెనీ శిక్షణలో ఇస్తారు. అందులో నాకు..."

"కంపెనీయే ఇచ్చిందా?" అని ముందు వరసలోంచి ఒక ముసలావిడ పెద్దగా అంది. "అయితే మా ఆయన్ని కూడా డాక్టరు చెయ్యి నాయనా, రోజూ పందులకి నువ్వు చెప్పిన పోషకాహారమే పెడుతున్నాడు."

ఈసారి నవ్వు ఎవరూ ఆపుకోలేకపోయారు. ఫువాతినో మాత్రం నవ్వలేదు. గబగబా వెనక్కి వెళ్ళి, చేపలు కోస్తున్నవాళ్ళ దగ్గర పళ్ళెంలోంచి రెండు నిమ్మకాయలు తీసుకుంది. ఇంకో గ్లాసులో నీళ్ళు పోసి, ఎసెరా బల్ల మీద ఉన్న అయోడిన్ తనే రెండు చుక్కలు వేసింది. నీళ్ళు గోధుమరంగయ్యాయి. నిమ్మకాయ కోసి పిండింది. రెండో చెక్క కూడా పిండింది. రంగు కాసేపు తటపటాయించి, పల్చబడి, మాయమైంది. నీళ్ళు కాస్త మబ్బుగా ఉన్నాయి, గింజ ఒకటి తేలుతోంది. అంతే తేడా.

"ఇది మన పెరటి నిమ్మకాయ" అంది గ్లాసు పైకెత్తి. "గ్లాసులో మందు రంగు పోయినంత మాత్రాన కంట్లో జబ్బు పోతుందా? గ్లాసు గ్లాసే, ఒళ్ళు ఒళ్ళే. గ్లాసు చూపించి కన్ను బాగవుతుందని నమ్మించారు. నేను మీ అందర్నీ నమ్మించాను."

"చాలు!" లుసీలా గొంతు కొరడాలా పడింది. ఇల్లు మళ్ళీ సద్దుమణిగింది. "మన ఇంటికి వచ్చిన అతిథి. భోజనం కూడా పెట్టకముందే అవమానిస్తావా? సభకి మర్యాద ఉంది, నీకు నేర్పలేదా? పోయిన సభలో మతలేనా ఏమన్నది? 'చాప అల్లుతుంటే పోగు పోగూ కనబడుతోంది' అని సాక్ష్యం చెప్పలేదా? నీ పెద్దమ్మ దేవుడి పేరు మీద చెప్పిన మాట అబద్ధమంటావా?"

ఫువాతినో పెద్దమ్మ వైపు తిరిగింది. ఇదే తనకీ అర్థంకానిది. రోజూ పొద్దున "పెద్దమ్మా, బాగుందా?" అని అడిగితే "బాగానే ఉందే, నిన్నటికంటే తేట" అనేది కదా మతలేనా. ఆ మాట పట్టుకునే కదా తను ధైర్యంగా ఇంకో ఇంటి గుమ్మం ఎక్కేది.

"అబద్ధమే ఫలేతువా" అంది మతలేనా.

కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. మొహం మాత్రం గొంతు వినబడిన వైపు తిప్పింది, అదీ సరిగ్గా కుదరక లుసీలా పక్కనున్న స్తంభాన్ని చూస్తున్నట్టుంది.

"కనబడలేదు. ఒక్కరోజు కూడా. మొదట్లో ఉన్నదే, తర్వాత తగ్గింది. ఈ పిల్ల పొద్దున్నే ఎదురుగా వచ్చి కూర్చుని ఎంతో ఆశగా అడిగేది. లేదంటే దాని మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు, చూడక్కర్లేదు. అందుకని బాగుందన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి అనాలి కదా. సభలో అడిగితే సభలోనూ అన్నాను. దేవుడు క్షమించాలి."

"మరి చాప?" ఎవరో అడిగారు.

"చేతులు అల్లుతాయిలే. తప్పులు పోతుంటాయి." వేళ్ళతో చాప అంచు తడిమింది. "మీరంతా నేను లేనప్పుడు విప్పి మళ్ళీ అల్లుతున్నారుగా. నాకు తెలీదనుకున్నారా? నా ముడి వేరు, మీ ముడి వేరు. వేళ్ళకి తెలుస్తుంది."

సంఘంలో చాప అల్లే ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూపులు చూశారు. పెద్దమనిషి పరువు కాపాడుతున్నామని వాళ్ళు, పిల్లదాని ఆశ కాపాడుతున్నానని ఈమె. అందరూ మంచితనంతోనే నోరు మూసుకున్నారు. ఆ మౌనం మీదే ఎసెరా దర్జాగా నడిచొచ్చి ఊరంతా సీసాలు పంచాడు. ఫువాతినోకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అతని మీద, తన మీద, ఆ తేటనీళ్ళ గ్లాసు మీద, ఇంత మర్యాదగా ఉండే ఊరంతటి మీద.

"పెద్దమ్మా, ఎందుకే నాకు చెప్పలేదు?"

"నువ్వు ఆగి అడిగావా పిల్లా? బాగుందా అని అడిగావు గానీ, కనబడుతోందా అని ఎప్పుడైనా అడిగావా?"

ఆ మాట ఫువాతినోకి చెంపదెబ్బలా తగిలింది. పెద్దమ్మ కోపంగా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

పందుల ముసలావిడ తన సంచిలోంచి మలామా సీసా తీసి చాప మీద పెట్టి ఎసెరా వైపు దొర్లించింది. తర్వాత ఇంకొకావిడ. వెనక వరసల్లోంచి ఒకటి రెండు సీసాలు చేతులు మారుతూ ముందుకొచ్చాయి. కొందరు మాత్రం సంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళింకా నమ్ముతున్నారు, లేదా నమ్మడం మానేస్తే తట్టుకోలేరు. ఎసెరా గ్లాసులు తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు. "ఈ విషయం కంపెనీకి చెప్తాను. మీ మీద చర్య ఉంటుంది" అన్నాడు ఫువాతినోతో, నవ్వకుండా.

"తప్పకుండా చెప్పండి. ఆసుపత్రికి నేను చెప్తాను" అంది ఆమె.

అతను భోజనం చెయ్యకుండానే కారెక్కాడు. అతన్ని ఆగమని కూడా ఎవరూ అనలేదు.

సభ దానంతటదే విడిపోయింది. మతలేనా చుట్టూ ఆడవాళ్ళు చేరి ఒకరు కాళ్ళు పడుతున్నారు, ఒకరు వేడి కోకో తెచ్చి చేతికందిస్తున్నారు. ఫువాతినో ఎండలోకి వచ్చి గట్టు మీద కూర్చుంది. ఎన్ని ఇళ్ళు? ఎవరెవరు ఏ మాత్రలు ఆపారు? ఇవాళే మొదలుపెట్టాలి. ప్రతి గుమ్మం మళ్ళీ ఎక్కాలి, అప్పుడు ఏం చెప్పిందో దానికి సరిగ్గా ఎదురు చెప్పాలి. వాళ్ళు తిడతారు. తిట్టనీ.

వెనక చెప్పుల చప్పుడైంది. లుసీలా. ఒక్కతే వచ్చింది. ఫువాతినో గబుక్కున లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపి, తనే పక్కన గట్టు మీద కూర్చుంది. పాస్టరు భార్య అలా గట్టు మీద కూర్చోవడం ఆ ఊరు చూడలేదు.

"ఇంకా తిట్టాలా ఫలేతువా? తిట్టండి" అంది ఫువాతినో.

"ఆసుపత్రి మాత్ర, మలామా పోట్లాడుకుంటాయి అన్నాడు కదా అతను" అంది లుసీలా. ఇందాకటి గొంతు కాదది. "రక్తపోటు మాత్రలకి కూడా అంతేనా?"

ఫువాతినో తల తిప్పి చూసింది. లుసీలా చేతిలో రుమాలు ముద్దయిపోయి ఉంది.

"పాస్టరుగారు?"

"నేనే ఆపించాను. ఊరంతటికీ ఇచ్చి మా ఇంట్లో ఇవ్వకపోతే ఎలా అనుకున్నాను. ఈ పొద్దున ప్రార్థనలో మాట తడబడింది. నా పేరు బదులు వాళ్ళమ్మ పేరు పలికాడు. చెంచా రెండుసార్లు జారింది. నిద్ర చాలక అన్నాడు. నేనూ అదే అనుకుని సభకి వచ్చేశాను. మతలేనా మాట్లాడుతుంటే..." ఆమె ఆగిపోయింది. "ఎవరికీ చెప్పకు. నువ్వొచ్చి ఒక్కసారి చూడు. ఊరికే చూడు."

"ఎవరికీ చెప్పకపోవడం అయిపోయింది ఫలేతువా, ఇందాకే!" ఫువాతినో లేచి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. "అది పక్షవాతం కావచ్చు! కారు ఎవరి దగ్గరుంది? ముందు కారు పిలవండి!"

ఇద్దరూ పచ్చిక మైదానం అడ్డంగా పరుగులాంటి నడకతో దాటారు. పాస్టరుగారి ఇంటి తలుపులు తెరిచే ఉన్నాయి. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ఎడమ భుజం తలుపుకి ఆనించి. భార్యని చూసి, పక్కన టీచరమ్మని చూసి, ఎప్పటిలాగే ఆదరంగా నవ్వాడు.

ఆ నవ్వు మొహంలో సగానికే వచ్చింది.